మూత కొలత

కలుపు మందు డబ్బా మీద మోతాదు హెక్టారుకు ఇన్ని లీటర్లని రాసి ఉంటుంది. పామూరు చుట్టుపక్కల చేలల్లోకి వచ్చేసరికి అది మూతల్లోకి మారిపోతుంది. పంపుకు రెండు మూతలు. గరిక ముదిరి ఉంటే మూడు. పోయినసారి సరిగా చావలేదనుకుంటే ఇంకో అర మూత. డబ్బా మీది లెక్క వెనక ఏళ్ల తరబడి ప్రయోగాలు, ఎలుకల మీద పరీక్షలు, ఢిల్లీలో ఒక కమిటీ ఆమోదముద్ర ఉన్నాయి. మూత లెక్క వెనక కొట్టతను చెప్పిన మాట, పక్క చేలో కనిపించిన ఫలితం, చేతిలో మిగిలిన డబ్బు ఉన్నాయి. కలుపు మందు ప్రమాదమా కాదా అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు లెక్కల మధ్యే ఎక్కడో తేలుతుంది.

కనిగిరికీ ఉదయగిరికీ మధ్య, నెల్లూరు సరిహద్దున ఉన్న మండలం పామూరు. వాన తక్కువ, వస్తే నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతుంది. కంది, నువ్వు, సజ్జ, మినుము, మిరప, పొగాకు, బోరు ఉన్నచోట కాస్త వరి, మొక్కజొన్న. ఆ వానకు పైరుతో పాటు తుంగ, గరిక, ఊద, వయ్యారిభామ అన్నీ ఒక్కసారే లేస్తాయి. పదును ఉండగా గుంటక తోలాలి. నేల జిగటగా ఉంటే గుంటక దిగదు, ఆరిపోతే గుచ్చుకోదు. మధ్యలో దొరికే కొద్ది రోజుల్లోనే ఊళ్లో అందరికీ కూలీలు కావాలి. వయసులో ఉన్నవాళ్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో కట్టుబడి పనుల్లో ఉంటారు. మిగిలిన ఆడవాళ్లు ఒకే వారంలో ఎన్ని చేలకని పోతారు? కలుపు మందు ఈ ప్రాంతానికి వచ్చిన దారి ఇదే. రైతు దాన్ని ప్రేమతో తెచ్చుకోలేదు, వాన ఇచ్చిన గడువు తోసుకొస్తే తెచ్చుకున్నాడు. ఈ సంగతి మరిచిపోయి రాసే ఏ నియమమూ పొలం గట్టు దాటి లోపలికి రాదు.

రైతులకు మందుల ప్రమాదం గురించి తెలియదని పట్నంలో చాలామంది అనుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. పైరుకు జరిగే ప్రమాదం విషయంలో వాళ్లకున్న జాగ్రత్త చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. టూ ఫోర్ డి అనే మందు సంగతే తీసుకోండి. 1940లలో పుట్టిన ఈ మందు మొక్కల్లో ఎదుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోనులా నటిస్తుంది. వెడల్పాకు మొక్క దాన్ని తన సొంత హార్మోననుకుని అదుపు లేకుండా పెరిగి, మెలికలు తిరిగి చచ్చిపోతుంది. వరి, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి పైర్లు తట్టుకుంటాయి. పత్తి, పొగాకు, టమాట మాత్రం గాలికి కొట్టుకొచ్చిన కొద్దిపాటి తుంపరకు కూడా తల్లడిల్లుతాయి. పత్తి ఆకు సన్నబడి వేళ్లలా చీలుతుంది. మొక్కజొన్నలో ఈ మందు కొట్టి, పంపు సరిగా కడగకుండా పత్తిలో పురుగుమందు కొట్టినా చాలు, చేను పాడవుతుంది. అందుకే ఇక్కడ జాగ్రత్తపరులైన రైతులు కలుపు మందుకు వేరే పంపు పెట్టుకుంటారు, గాలి ఎటు వీస్తోందో చూసుకుని కొడతారు, పక్క చేను వాడికి ముందే చెబుతారు. చెప్పకుండా కొడితే పంచాయితీ అవుతుంది.

అదే మనిషి ఒట్టి చేత్తో మందు కలుపుతాడు. ఈ రెండింటికీ పొంతన లేదనిపించవచ్చు గానీ, ఉంది. పైరుకు జరిగిన నష్టం వారం పది రోజుల్లో కళ్లెదుట కనిపిస్తుంది, కారణం కూడా తెలిసిపోతుంది. ఒంటికి జరిగేది అలా కాదు. మంట పుడితే, కళ్లు తిరిగితే, వాంతి వస్తే అది ప్రమాదకరమైన మందు. ఏమీ కాకపోతే మంచి మందు. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు కొట్టి తల తిరిగి పడిపోయిన వాళ్లను చూసిన తరం ఇది. వాటితో పోల్చుకుంటే కలుపు మందైన గ్లైఫోసేట్‌కు ఘాటు లేదు, కొట్టిన రోజు ఏ బాధా ఉండదు. కాబట్టి అది నెమ్మదైన మందని రైతు అభిప్రాయం. చూసినదాన్నుంచి తీసిన అభిప్రాయమే ఇది, గుడ్డి నమ్మకం కాదు. అయితే చూడగలిగిన దూరం దాటి అది పోలేదు.

గ్లైఫోసేట్ ఎలా పనిచేస్తుందో చూస్తే ఆ అభిప్రాయంలో నిజం ఎంతో తెలుస్తుంది. మోన్‌శాంటో కంపెనీలో జాన్ ఫ్రాంజ్ అనే రసాయన శాస్త్రవేత్త 1970లో దీని గుణం కనిపెట్టాడు, 1974లో రౌండప్ పేరుతో బజారుకొచ్చింది. మొక్కలు కొన్ని అమైనో ఆమ్లాలను తయారు చేసుకోవడానికి వాడే షికిమేట్ మార్గంలో ఒక ఎంజైమును ఇది పట్టి ఆపేస్తుంది. మనుషుల్లో, పశువుల్లో ఆ మార్గమే లేదు. అందుకే తక్షణ విషం తక్కువ. కానీ డబ్బాలో ఉన్నది గ్లైఫోసేట్ ఒక్కటే కాదు. ఆకు మీద మందు పరుచుకుని లోపలికి ఇంకడానికి సబ్బులాంటి పదార్థాలు కలుపుతారు. కళ్లలో పడితే మంట, చర్మం మీద దద్దుర్లు చాలావరకు వాటివల్లే. ఆ రకంలో పాతదైన పీఓఈఏ అనే పదార్థాన్ని గ్లైఫోసేట్ మందుల్లో కలపకూడదని ఐరోపా యూనియన్ 2016లో నిషేధించింది. నురగ చేతికి తగిలితే చురుక్కుమంటుందని చెప్పే పామూరు రైతు, తనకు తెలియకుండానే సరైన చోటే వేలు పెట్టాడు.

ఇక నీళ్ల సంగతి. నా దృష్టిలో ఈ ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే, దీని గురించి చెప్పేవాళ్లే తక్కువ. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లు కాఠిన్యం ఎక్కువున్నవి. ఫ్లోరైడ్ బాధ సరేసరి, కాల్షియం, మెగ్నీషియం లవణాలు కూడా ఎక్కువే. గ్లైఫోసేట్ అణువు వీటిని పట్టుకుని ముడిపడిపోతుంది. అలా ముడిపడిన మందును ఆకు సరిగా పీల్చుకోదు. రైతుకు కనిపించేది మాత్రం ఒకటే: రెండు మూతలు పోసినా గరిక చావలేదు. కల్తీ మందు అమ్మాడని కొట్టతని మీద కోపం, లేదా ఈసారి మూడు మూతలు. బోరు నీళ్లు వద్దని చెరువు నీళ్లు తెస్తే అక్కడ ఇంకో చిక్కు. బురద నీళ్లలో ఉండే బంకమట్టి రేణువులకు గ్లైఫోసేటూ అతుక్కుంటుంది, పారాక్వాట్ అనే మరో కలుపు మందు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. అప్పుడూ మందు పనిచేయదు, అప్పుడూ మోతాదు పెరుగుతుంది. తేటగా తేర్చిన నీళ్లు వాడటం, బోరు నీళ్లయితే ముందు అమ్మోనియం సల్ఫేట్ కరిగించి ఆ తర్వాతే గ్లైఫోసేట్ పోయడం అనే రెండు పద్ధతులు శాస్త్రం తేల్చినవే. మొదట కలిపిన సల్ఫేట్ కాల్షియంతో జత కట్టి గ్లైఫోసేట్‌ను వదిలేస్తుంది. కొందరు రైతులు గుప్పెడు యూరియానో ఉప్పో వేస్తారు. దారి సరైనదే, వస్తువు సరైనది కాదు. ఈ ఒక్క మాట ప్రతి కొట్టు గోడ మీదా తెలుగులో రాయిస్తే, పది ఉత్తర్వులు తగ్గించలేనంత మందు తగ్గుతుంది.

పారాక్వాట్ కథ పూర్తిగా వేరు. పొద్దున కొడితే సాయంత్రానికి గడ్డి మాడిపోతుంది. ఎండ ఎంత తీవ్రంగా ఉంటే అంత వేగం, ఎందుకంటే కిరణజన్య సంయోగక్రియలో ప్రవహించే ఎలక్ట్రాన్లను దొంగిలించి, ఆకు కణాలను కాల్చేసే ఆక్సిజన్ విషాలుగా మారుస్తుంది. మట్టిని తాకగానే బంకమట్టికి అతుక్కుని మొక్కల మీద పని చేయడం మానేస్తుంది. అందుకని నేలకేమీ కాదని రైతులు దీన్ని మెచ్చుకుంటారు. మట్టిలో అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుందన్నది ఆ మెచ్చుకోలులో కనిపించని భాగం. మనిషి లోపలికి పోతే మాత్రం ఊపిరితిత్తుల కణాలు దీన్ని తమకు కావలసిన పదార్థమనుకుని లోపలికి లాక్కుంటాయి. ఆకులో చేసిన పనే అక్కడా మొదలవుతుంది. విరుగుడు లేదు. మామూలుగా ప్రాణం నిలిపే ఆక్సిజన్ కూడా ఇక్కడ మంటకు ఆజ్యమే కాబట్టి వైద్యులు దాన్ని ఇవ్వడానికి వెనకాడతారు. శ్రీలంక 2008లో మొదలుపెట్టి దశలవారీగా దీన్ని తొలగించింది. దక్షిణ కొరియా 2011లో రిజిస్ట్రేషన్ రద్దు చేసి మరుసటి ఏడు అమ్మకం ఆపింది, ఆ తర్వాత ఆ దేశంలో పురుగుమందులతో జరిగే ఆత్మహత్యలు గట్టిగా తగ్గాయి. పంట దిగుబడులు తగ్గిపోలేదు. పొరపాటున గానీ క్షణికావేశంలో గానీ దీన్ని మింగిన మనిషికి మొదట్లో పెద్దగా ఏమీ కానట్టే ఉంటుంది. బాగానే ఉన్నాడని ఇంటి దగ్గరే ఉంచేసుకుంటే ఆ గంటలు తిరిగి రావు. మూత్రంలో సోడియం డైథయోనైట్ వేస్తే నీలం రంగు తేలే చిన్న పరీక్ష ఉంది, ఖర్చు చాలా తక్కువ. ఆ పొడి ప్రతి మండల ఆసుపత్రిలో ఉండాలి. పారాక్వాట్ విషయంలో నా అభిప్రాయం దాచుకోను: దీన్ని దేశమంతటా ఆపాలి. గడ్డిని మాడ్చడానికి ఇతర దారులున్నాయి, ఆ ఊపిరితిత్తులను బాగు చేయడానికి లేవు.

గ్లైఫోసేట్ మీద అంత గట్టిగా చెప్పలేం, శాస్త్రవేత్తలే రెండు పక్షాలుగా నిలబడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015 మార్చిలో దీన్ని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ, ఐరోపా ఆహార భద్రతా సంస్థ అలాంటి ముప్పు లేదన్నాయి. ఐరోపా యూనియన్ 2023 నవంబరులో మరో 10 ఏళ్లకు అనుమతి పొడిగించింది. రెండూ ఎలా నిజమవుతాయి? పుట్టలో నాగుపాము ఉందని చెప్పడం వేరు, అది మీ మంచం దాకా వస్తుందా రాదా అని లెక్కకట్టడం వేరు. మొదటి సంస్థ చేసింది మొదటి పని, మిగతావి చేసింది రెండోది. ఆ రెండో లెక్కలో మనిషికి ఎంత మందు, ఎన్నిసార్లు, ఏ దారిన తగులుతుందన్నదే ప్రధానం. లేబుల్ చెప్పినట్టు, చేతి తొడుగులతో, చెప్పిన మోతాదులో వాడే మనిషిని ఊహించుకుని ఆ లెక్క వేస్తారు. పామూరు ఎండలో, కారే పంపు వీపున వేసుకుని, కొట్టిన గడ్డిలోనే ముందుకు నడుచుకుంటూ పోయే మనిషి ఆ లెక్కలో లేడు.

శ్రీలంక అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడి వరి రైతుల్లో కారణం తెలియని మూత్రపిండాల జబ్బుకు, కఠినమైన నీటితో కలిసిన గ్లైఫోసేట్‌కు సంబంధం ఉండవచ్చని 2014లో ఒక ప్రతిపాదన వచ్చింది. 2015లో ప్రభుత్వం మందును నిషేధించింది. 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. 2022లో నిషేధమే ఎత్తేసింది. జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు, మన ఉద్దానంలోని అలాంటి జబ్బుకు తేలనట్టే. ఫ్లోరైడ్, గట్టి నీళ్లు, మూత్రపిండాల భయం అన్నీ ఒక్కచోట ఉన్న కనిగిరి ప్రాంతంవాళ్లు ఈ కథ విని కలవరపడటం సహజం. అది రుజువైన సంగతి కాదని చెప్పాలి, రుజువు కోసం ఇక్కడి నీళ్లనూ మనుషులనూ పరీక్షించాలని కూడా అడగాలి.

మరి ప్రభుత్వం? 1958లో కేరళ, మద్రాసు రాష్ట్రాల్లో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన ఆహారం తిని వందమందికి పైగా చనిపోయారు. రవాణాలో తిండి గింజల సరుకు మీద మందు ఒలికింది. ఆ విషాదం నుంచి పుట్టినదే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం. పుట్టుక ఎలాంటిదో చూపు అలాంటిదే అయింది. రిజిస్ట్రేషన్, ప్యాకింగు, లేబుల్, నిల్వ, కల్తీ అన్నీ పకడ్బందీగా ఉన్నాయి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషం స్థాయి చెబుతాయి. లోపల పెట్టే కరపత్రం హిందీ, ఇంగ్లిషుతో పాటు ఆ ప్రాంతపు భాషలోనూ ఉండాలి. ఉంటుంది కూడా, ముప్పై మడతల కాగితం మీద చీమ కాళ్లంత అక్షరాలతో. మూత తీసిన తర్వాత ఏం జరుగుతుందన్నది చట్టం దాదాపుగా పట్టించుకోని ప్రదేశం. దీని స్థానంలో 2008లో, 2020లో కొత్త బిల్లులు రాజ్యసభ దాకా వచ్చాయి, చట్టాలు కాలేదు.

గ్లైఫోసేట్‌కు మన దేశంలో లేబుల్ అనుమతి తేయాకు తోటలకు, పంట లేని నేలలకు. పామూరులో తేయాకు లేదు, గట్లు ఉన్నాయి. గట్టు నుంచి చేలోకి మందు దిగడానికి బీజీ-3 అని రైతులు పిలిచే, కలుపు మందును తట్టుకునే అనుమతి లేని పత్తి విత్తనం దారి వేసింది. 2017లో కేంద్రం వేసిన పరిశీలన బృందం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ పత్తిలో చెప్పుకోదగ్గ భాగం అలాంటిదేనని తేల్చింది. 2018లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు గ్లైఫోసేట్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. 2019లో మహారాష్ట్రలో షేత్కరీ సంఘటన అనే రైతు సంఘంవాళ్లు ఆ విత్తనాన్ని బహిరంగంగా నాటి, పెట్టుకోండి కేసులు అన్నారు. 2022 అక్టోబరులో కేంద్రం ఒక అడుగు ముందుకేసి, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ గ్లైఫోసేట్ వాడకూడదంది. కంపెనీల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. పట్నాల్లో ఇళ్లలో చెదలకూ బొద్దింకలకూ మందు కొట్టే ఆపరేటరు పామూరు మండలంలో గట్టు గరిక కోసం వస్తాడని ఆ నియమం రాసినవాళ్లు నిజంగా అనుకున్నారా? మంచి ఉద్దేశంతో రాసిన నియమం కూడా నడిచే కాళ్లు లేకపోతే కాగితంగానే ఉంటుంది.

ఇంకో ఉదాహరణ. 2020 మేలో కేంద్రం 27 మందుల్ని నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చింది. అందులో పెండిమిథాలిన్, అట్రాజిన్, బ్యూటాక్లోర్, టూ ఫోర్ డి లాంటి ఏడు కలుపు మందులున్నాయి. పామూరు నువ్వు, వేరుశనగ రైతుకు పెండిమిథాలిన్ చేతులకు పసుపు మరక అంటించే బాగా తెలిసిన మందు. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఆ ఏడింటిలో ఒక్కటీ నిషేధానికి గురి కాలేదు. రైతు దీన్నుంచి ఏం అర్థం చేసుకోవాలి? ప్రమాదమైతే ఎందుకు వదిలారు, కాకపోతే ఎందుకు భయపెట్టారు? ఢిల్లీవాళ్లకే తేలలేదు మామా, మనకేం తేలుద్ది అని కొట్టు అరుగు మీద వినిపించే మాటలో వెటకారం కన్నా విసుగు ఎక్కువ.

అలాగని ఇక్కడి రైతులు నియమాలకు లొంగరనుకుంటే పొరపాటు. పొగాకును చూడండి. 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఉంది. రైతు పేరు, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్, పండించే పరిమాణం అన్నీ నమోదై ఉంటాయి. కనిగిరి, పొదిలి వేలం కేంద్రాల్లో బేలు అమ్ముడుపోవాలి. ఆకులో మందు అవశేషాలుంటే విదేశీ కొనుగోలుదారులు తిప్పికొడతారు. పొగాకు వేళ్ల మీద బతికే మల్లె అనే పరాన్న మొక్క ఈ ప్రాంతపు శాపం. ఒక్కో మొక్క లక్షకు మించి విత్తనాలు రాలుస్తుంది, అవి నేలలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి. కొద్దిపాటి గ్లైఫోసేట్‌తో దాన్ని అణచవచ్చని పరిశోధనల్లో తెలిసినా, పొగాకే దెబ్బతినే ప్రమాదం, అవశేషాల భయం ఉన్నాయి. అందుకే చాలామంది పువ్వు రాకముందే వంగి పీకుతారు, మొక్క మీద నూనె చుక్క వేస్తారు. నడుము విరిగే పని అయినా చేస్తారు, ఎందుకంటే ఆ నియమానికి వేలం కేంద్రంలో ఒక ముఖం ఉంది, ధర ఉంది. నియమం పాటించినవాడికీ పాటించనివాడికీ తేడా అక్కడ రూపాయల్లో తెలుస్తుంది.

పొగతాగే విదేశీయుడి ఊపిరి కోసం అంత పకడ్బందీ ఏర్పాటు చేయగలిగాం. మందు కొట్టేవాడి కోసం? నిజానికి రాతలో అది కూడా ఉంది. 1971 నాటి నిబంధనల ప్రకారం మందు పిచికారీ పనిలో ఉన్నవాళ్లకు పనిలో చేరే ముందు, ఆ తర్వాత ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి, రక్షణ దుస్తులు ఇవ్వాలి. ఈ మాట చెబితే పామూరులో ఎవరూ నమ్మరు. ఇక్కడ మందు కొట్టేవాడు పంపుకు ఇంత అని మాట్లాడుకుని వచ్చే కూలీ. పొద్దున ఒకరి చేలో, మధ్యాహ్నం ఇంకొకరి చేలో. చేను రైతు ఏడాదికి రెండుమూడుసార్లు మందు తాకితే, ఇతను సీజనంతా తాకుతాడు. అమెరికాలో 2018లో మోన్‌శాంటో మీద మొదటి తీర్పు సాధించిన డ్వేన్ జాన్సన్ కూడా రైతు కాదు, కాలిఫోర్నియాలో బడి ఆవరణల్లో మందు కొట్టిన ఉద్యోగి. పరికరం పాడై మందు ఒళ్లంతా తడిసిన మనిషి. ఆయనకు యజమాని ఉన్నాడు, పని రికార్డు ఉంది, కోర్టులో చూపించడానికి ఏదో ఒకటి ఉంది. పంపు కూలీకి యజమాని ఎవరు?

ఇతనికి కావలసినవి పెద్దవేమీ కాదు. ఒంటికి ఎక్కువ మందు అంటేది కలిపేటప్పుడు, ఎందుకంటే అది చిక్కటి మందు. ఎండలో ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకోమంటే ఎవరూ వేసుకోరు గానీ, కలిపే ఐదు నిమిషాలు చేతి తొడుగులు వేసుకోవడం ఎవరికైనా కుదురుతుంది. మూతకు బదులు గీతలున్న కొలపాత్ర డబ్బాతో పాటే ఇవ్వాలి. పంపు కారకుండా వాషరు మార్చాలి. కొట్టిన జాగాలోకి కాకుండా కొట్టని వైపుకు నడవాలి. అమ్మే కొట్టులోనే ఇవన్నీ ఉండాలి, రైతు సేవా కేంద్రంలో పంపు కూలీల పేర్లు రాసి ఏడాదికి ఒకసారైనా పరీక్షలు చేయించాలి. వేల మంది పొగాకు రైతుల పేర్లు, బ్యారన్లు రాసి పెట్టుకోగలిగిన జిల్లాకు ఇది చేతకాని పని కాదు.

గొర్రెల కాపరులను కూడా ఆ జాబితాలో చేర్చాలి. పారాక్వాట్ కొట్టిన గట్టు మర్నాటికే గోధుమ రంగుకు తిరిగి హెచ్చరిస్తుంది. గ్లైఫోసేట్ కొట్టిన గట్టు వారం దాకా పచ్చగానే ఉంటుంది, మంద నేరుగా దాని మీదకే పోతుంది. మందు కొట్టిన గట్టున ఒక ఎర్ర గుడ్డ కట్టాలన్న నియమం ఏ ఉత్తర్వులోనూ లేదు. దానికి ఢిల్లీ అవసరం లేదు, పామూరు మండలంలోని ఏ పంచాయతీ అయినా ఈ ఖరీఫ్‌కే తీర్మానం చేసుకోవచ్చు.